ఆదివారం పాలు

లచ్చమ్మకు అరవై దాటాయి. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊపిరితిత్తులు పాడుచేసుకుంది. కాటారం దగ్గరి వాళ్ల ఊరికి నర్సును నేనే. నిరుడు చలికాలంలో ఆమెను రెండుసార్లు భూపాలపల్లి దవాఖానలో చేర్చాం. రెండోసారి నాలుగు రోజులు ఆక్సిజన్ మీదే ఉంది. మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తే దక్కడం కష్టమన్నాడు డాక్టర్.

ఈ ఏడు వానలు తగ్గాక రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి అట్టడుగున ఉంది. ఆయాసంతో గడప దాటని మనిషికి ఎండ ఎక్కడిది? ఆ లోటు తీరితే పాడైన ఊపిరితిత్తులు బాగుపడవు గానీ, జలుబు ఛాతీలోకి దిగకుండా ఒంటికి కాస్త కాపలా ఉంటుందట. తియ్యగా ఉండే పొడి ప్యాకెట్లు ఎనిమిది ఇచ్చాను. వారానికొకటి, ఆదివారం పాలల్లో.

"బలం మందు అవ్వా, ఒక్కటి గూడ ఇడవద్దు" అని మరీ చెప్పాను.

వెళ్లినప్పుడల్లా ఖాళీ ప్యాకెట్లు చూపించేది. నేనూ మురిసిపోయి రిజిస్టర్‌లో టిక్కు కొట్టేదాన్ని.

ఆరో వారం దాటగానే మళ్లీ జ్వరం, ఆయాసం. మళ్లీ అదే దవాఖాన. వార్డు బయట ఆమె భర్త పోశాలు దిగాలుగా నిలబడ్డాడు.

"ఏందో సిస్టర్, గీ యేడు నాకైతే తుమ్ము గూడ రాలె. ఆదివారం ఆదివారం తియ్యటి పాలు పోస్తుండె. చక్కెర గింత ఏసినవేందే అంటె నవ్వుతుండె."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికెళ్లి నిలదీశాను.

లచ్చమ్మ మాస్కు పక్కకు జరిపింది. "బలం మందంటివి గద బిడ్డా. ఇంట్ల కూసునేదానికి బలమెందుకు? పొలంల దిగేటోనికి పోసిన."

అంగీ లేకుండా పొద్దంతా ఎండలో ఉండేవాడికి డి విటమిన్ కరువా! తిడదామని నోరు తెరిచాను. బలం మందన్నది నేనే. ఇక ఎవరిని తిట్టను?

పోశాలు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నీ పానానికిచ్చింది నాకు పోసినవానే" అంటూ అక్కడే కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

పది రోజులకు లచ్చమ్మ బతికి ఇంటికొచ్చింది. ఆ ఆదివారం నేనే వెళ్లి ప్యాకెట్ చింపి పాలల్లో కలిపాను. పోశాలు ఎదురుగా కూర్చున్నాడు. లచ్చమ్మ సగం తాగి, గ్లాసు మెల్లగా ఆయన వైపు జరిపింది.

నేను నోరు తెరిచేలోపే పోశాలు అరిచాడు. "తాగుతవా లేదా!"

గ్లాసు అడుగు కనిపించేదాకా ఇద్దరం అక్కణ్నుంచి కదల్లేదు.