రెండో చరణంలో ఊపిరి

ఇంట్లో అందరూ ఆమెను మైకు అనే పిలుస్తారు. బస్‌స్టేషన్లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే ఉద్యోగం ఆమెది. చెబుతూ చెబుతూ మధ్యలో కాస్త ఆగిందా, కింద జనం "ఏ బస్సూ? ఎక్కడికీ?" అని ఒకటే గోల. అందుకని ఆగకుండా చెప్పడం అలవాటైపోయింది. ఇంటికొచ్చినా అంతే, నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషికి పాట రాయడం నేర్పుతానని అన్నయ్య అంటే, ముందు నవ్వింది ఆమే.

అన్నయ్య పాటగాడు. సభల్లోనూ రేడియోలోనూ పాడి పేరు తెచ్చుకున్నవాడు. కిందటేడు ఊపిరితిత్తికి ఆపరేషన్ చేసి ఒక పక్క కొంత తీసేశారు. అప్పట్నుంచి పాట లేదు. ఇప్పుడు రేడియోవాళ్ళు సాయంత్రం ప్రత్యక్ష ప్రసారానికి పిలిచారు. ఒకటే షరతు, పాట కొత్తదై ఉండాలి. ట్యూన్ తనే కట్టుకున్నాడు. మాటల కోసం తెలిసిన కవుల్లో ఒక్కరి గడపా తొక్కలేదు, చెల్లెల్ని కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక్కసారే. అక్కడ ఆయాసపడ్డారో, ఇక ఈ ఇంట్లో పాట మాట ఎత్తకూడదు" అంది వదిన.

"ఎత్తను" అన్నాడు అన్నయ్య. అన్నమాట దాటే మనిషి కాదు. అంటే అతని పాట మొత్తం ఆ ఒక్క సాయంత్రం మీద వేలాడుతోందన్నమాట.

పాఠాలు భోజనాల బల్ల దగ్గర జరిగాయి. మొదట్లో మాటలే లేవు. అన్నయ్య బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ "తాన తాన తాన తానా" అంటాడు, ఆ కొలతకు సరిపడా ఆమె ఏదో ఒకటి అనాలి. మొదటి రోజు ఆమె నోటినుంచి ప్లాట్‌ఫారం నంబర్లు తప్ప ఇంకేమీ రాలేదు.

"పరవాలేదు, కొలత కుదిరింది" అన్నాడు అన్నయ్య. "కొలత ముందు, కవిత్వం తర్వాత. ట్యూన్ సాగే చోట మాటా సాగాలి. అక్కడ 'టక్' అని ఆపేశావనుకో, పాడేవాడు ఏం సాగదీస్తాడు, నీ తలకాయా?"

పల్లవి అంటే విన్నవాడు ఇంటికి పట్టుకుపోయేదని చెప్పాడు. చరణం ఎంత దూరమైనా పోవచ్చుగానీ తిరిగి పల్లవిలోకి వచ్చే దారి ఉంచుకోవాలన్నాడు. రాసింది కొట్టేయించాడు, మళ్ళీ రాయించాడు, మళ్ళీ కొట్టేయించాడు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఓ రోజు బట్టలు ఆరేస్తుంటే పల్లవి దొరికింది.

"ఆగకే వానా, అప్పుడే ఆగకే,
ఆరేసిన చొక్కా ఆరనీయకే."

చొక్కా ఆరితే మనిషి బయల్దేరి పోతాడని బెంగ. అన్నయ్య రెండుసార్లు పాడుకుని చెల్లెలి నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. ఆ ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు.

ఇక పట్టపగ్గాల్లేవు. రెండో చరణంలో ఆ మనిషి వెళ్ళిపోయాక వచ్చిన మరో వాన. అక్కడ ట్యూన్ పరుగెత్తుతుంది. ఆమె కూడా పరుగెత్తింది.

"తలుపు తీసి తొంగి చూసి తడిసి తడిసి తిరిగి వచ్చి తలను వాల్చి తలచి తలచి తెల్లవార్లూ తలుపు వైపే."

అడుగడుక్కీ 'త' పడిందని తెగ మురిసిపోయింది. కొత్తగా రాసేవాళ్ళందరికీ ఉండే జబ్బే ఇది, ఖాళీ కనిపిస్తే చాలు మాటతో పూడ్చేయడం. ఆమెకైతే అది ఉద్యోగం కూడానూ. అన్నయ్య కాగితం వంక చాలాసేపు చూసి "భలే ఉందే" అన్నాడు. తర్వాత ఎప్పుడు పాడమన్నా మొదటి చరణం దాకా పాడి, "ఇది నాకొచ్చులే" అని మంచినీళ్ళకు లేచేవాడు. గొంతు దాచుకుంటున్నాడు కాబోలనుకుంది.

ప్రసారం రోజు వదిన రానంది. "నేను చూడలేను. మీరు వెళ్ళండి" అని తలుపేసుకుంది.

రేడియో స్టేషన్ వరండాలో చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా తివాచీ పరిచారు. అన్నయ్య లోపల మైకు ఎత్తు సరిచూసుకుంటున్నాడు. కీబోర్డు మాస్టారు బయటికి వచ్చి ఆమెను పక్కకు పిలిచాడు. అన్నయ్యతో ఎన్నో ఏళ్ళుగా వాయిస్తున్న మనిషి, మాట పొదుపు.

"అమ్మా, రెండో చరణంలో మీ అన్నయ్య ఊపిరెక్కడ తీసుకుంటాడు?"

"మధ్యలో తీసుకుంటాడండీ."

"మధ్యలో అంటే? ఒకసారి పాడి చూపించు."

ఆమె తడుముకోకుండా మొదలుపెట్టింది. "తిరిగి వచ్చి" దాకా బాగానే సాగింది. "తలచి తలచి" దగ్గర గొంతు సన్నబడింది. "తలుపు వైపే" దగ్గరకొచ్చేసరికి ముఖం ఎర్రబడి గోడకు చెయ్యి ఆన్చింది. ఆమెకు ఊపిరితిత్తులు రెండూ దుక్కల్లా ఉన్నాయి.

"ఇప్పుడు లోపల సగం గొంతుతో పాడాడు. అయినా అందలేదు. దగ్గొచ్చినట్టు నటించాడు" అన్నాడు మాస్టారు.

ఆ మంచినీళ్ళు, ఆ 'నాకొచ్చులే'లు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎందుకు చెప్పలేదు? ఇన్ని పాఠాలు చెప్పినవాడు ఆ ఒక్కటీ ఎందుకు మింగేశాడు? కోపం నషాళానికెక్కింది.

అన్నయ్య వరండాలోకి రాగానే ఎదురుగా నిలబడింది. "రెండో చరణం ఒక్కసారి పాడు. ఇక్కడే. పూర్తిగా."

"ఇప్పుడా? గొంతు అరిగిపోదూ!"

"పోనీ, పాడొద్దు. చదువు చాలు."

అన్నయ్య మాస్టారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకునే పనిలో పడ్డాడు. అన్నయ్య పంతానికి కాగితం లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. "తలను వాల్చి" దగ్గర ఆగిపోయాడు. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. గోడవారనున్న బల్ల మీద కూలబడి చాలాసేపు రొప్పాడు.

"ఎవరైనా కవిగారి దగ్గరికి వెళితే చెప్పుకోవాలి కదే, ఇక్కడ ఊపిరికి చోటివ్వండి సార్ అని" అన్నాడు తల దించుకుని. "ఊరంతా తెలిసిపోతుంది. నీకైతే ఏమీ తెలియదు కదా, ఎందుకని అడగకుండా రాస్తావనుకున్నా. నువ్వేమో మొత్తం పూడ్చేశావు. అది తియ్యమంటే నా సంగతి బయటపడుతుంది. నీకు మొదటి రోజు చెప్పాల్సిన పాఠం అది. చెప్పలేకపోయా."

ఆమెకు కొట్టాలనీ ఏడవాలనీ ఒకేసారి అనిపించింది. రెండూ చేయకుండా చేతిసంచిలోంచి పెన్ను తీసింది.

"మార్చడానికి వీల్లేదమ్మా" అన్నాడు అప్పుడే అటు వచ్చిన ప్రోగ్రాం ఆఫీసర్. "మాటలు పైవాళ్ళు చూసి ఒప్పుకున్నారు. ఒక్క మాట కొత్తగా చేర్చినా నా ఉద్యోగానికి ఎసరు."

"చేర్చడం లేదండీ, తీసేస్తున్నా."

"తీసేస్తే అక్కడేముంటుంది?"

"ఏమీ ఉండదు."

ఆఫీసర్ కాగితం వంక చూశాడు. "ఏమీ లేనిదానికి అనుమతెందుకులెండి" అని, "తర్వాత మీరే, రెడీ కండి" అంటూ వెళ్ళిపోయాడు.

"తడిసి తడిసి" కొట్టేసింది. "తిరిగి వచ్చి" కొట్టేసింది. "తలను వాల్చి తలచి తలచి" దగ్గర పెన్ను ఆగింది. ఆ మాటలు దొరికిన రోజు అన్నం కూడా తినబుద్ధి కాలేదు ఆమెకు, అంత సంబరం. పళ్ళు బిగబట్టి వాటినీ కొట్టేసింది. "తలుపు తీసి తొంగి చూసి" అని మొదలు, "తెల్లవార్లూ తలుపు వైపే" అని చివర మిగిలాయి. మధ్యలో ఒక తాళం మొత్తం ఖాళీ. అక్కడ తన చెయ్యి ఒక స్వరం మీద అలా ఉంచుతానన్నాడు మాస్టారు. అంతకు మించి మాట్లాడుకోవడానికి వ్యవధి లేదు. లోపలినుంచి పిలుపొచ్చింది.

ఆమెను అద్దానికి ఇవతల కంట్రోల్ రూములో నిలబెట్టారు. ఎర్రదీపం వెలిగింది. పల్లవి హాయిగా ఎత్తుకున్నాడు అన్నయ్య. ఆమె రాసిన మాటలు ఊళ్ళో తెలియని ఇళ్ళన్నింటిలోకీ వెళుతున్నాయి, ఆమెకు మాత్రం ఒక్క ముక్కా చెవికెక్కలేదు. అన్నయ్య భుజాలే చూస్తోంది. మొదటి చరణం దాటింది. పల్లవి మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం తగ్గింది గొంతు. మైకు స్టాండును పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"తలుపు తీసి తొంగి చూసి..."

ఆగాడు. కీబోర్డు మీంచి సన్నని స్వరం ఒకటి సాగుతోంది. తాళం తిరిగి మొదటికొచ్చింది. అందుకోవలసిన చోటు అదే. అన్నయ్య అందుకోలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. మాస్టారు చెయ్యి తీయకుండా తలెత్తి చూశాడు. తాళం రెండోసారి మొదలైంది.

కంట్రోల్ రూములోని ఆపరేటరుకు ఈ కొట్టివేతల సంగతి ఎవరూ చెప్పలేదు. పాట మధ్యలో గాయకుడు ఆగిపోతే వేరే రికార్డు వేయడం అతని డ్యూటీ. "మర్చిపోయినట్టున్నాడు" అంటూ మీట మీదికి చెయ్యి పోనిచ్చాడు. అది నొక్కితే పాట అయిపోయినట్టే, వదిన మాటా నెగ్గినట్టే. ఆమె అతని మణికట్టు పట్టేసుకుంది.

"ఏంటమ్మా ఇది! వదలండి!"

"మర్చిపోలేదండీ. ఆగండి. దణ్ణం పెడతా, ఒక్క క్షణం ఆగండి."

ఆగడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. తనే అద్దం మీద కొట్టి ఆ లైను అందించాలనిపించింది. అయినా కదల్లేదు, ఆ చెయ్యీ వదల్లేదు.

అప్పుడు వినపడింది. స్పీకర్లలోంచి గరగరమంటూ, పొడుగ్గా, ఏ మొహమాటమూ లేకుండా మనిషి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. దాని వెనకే, తాళం సరిగ్గా మొదటికి వచ్చిన చోట, నిండుగా పాట.

"తెల్లవార్లూ తలుపు వైపే..."

ఆపరేటరు చెయ్యి వెనక్కి తీసుకుని మణికట్టు రుద్దుకున్నాడు. "చెప్పొచ్చు కదమ్మా" అని గొణిగాడు. అన్నయ్య పల్లవిలోకి వచ్చి, చివరిదాకా పాడి, దీపం ఆరాక బయటికి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చెల్లెలి ముఖంలోకి చూడకుండా గోడకు ఆనుకున్నాడు.

"ఊరంతా విన్నారు కదే" అన్నాడు. "మీ వదినతో అన్నమాట అన్నమాటే. ఇక పాడనులే."

ఆమె ఏదో అనబోయేంతలో చేతిలోని ఫోను మోగింది. వదిన. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వదినా, పాట..."

"పాటెవరు విన్నారమ్మా" అంది వదిన. ఏడుస్తోంది, దాచుకోవడం కూడా లేదు. "మధ్యలో ఊపిరి తీసుకున్నారు చూడు, అది విన్నా. ఆపరేషనైన దగ్గర్నుంచి ఇంట్లో ఆయన ఊపిరి చప్పుడే లేదు. నేను గదిలోకి వస్తే బిగబట్టేస్తారు. బాధ పడతానని కాబోలు. పక్కనే పడుకునే మనిషి ఎలా ఉన్నారో నాకే తెలియదు. ఇవాళ రేడియోలో తెలిసింది."

"ఆయాసపడ్డాను, ఇక పాడనంటున్నాడు వదినా."

"పాడకపోతే ఊరుకోనని చెప్పు. రేపట్నుంచి ఇంట్లోనే, నా ముందు కూర్చుని, వినపడేట్టు ఊపిరి తీసుకుంటూ పాడాలి. ఏదీ, ఆయనకివ్వు."

ఆమె ఫోను అన్నయ్య చేతిలో పెట్టింది. అతను చెవి దగ్గర పెట్టుకుని "ఆ" అన్నాడు. ఆయాసం ఇంకా తగ్గలేదు. ఈసారి ఊపిరి బిగబట్టలేదు, ఫోనుకు చెయ్యీ అడ్డం పెట్టుకోలేదు.