నైరుతి నీడ

నేను ఒక సోలార్ ప్యానెల్‌ని. పుస్తకాల్లో సౌరఫలకం అని రాస్తారు. బడేసాబ్ మాత్రం నన్ను అద్దంరేకు అన్నాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఇసుకను కరిగించి, పలచగా కోసి, గాజు కింద పరిచి, చుట్టూ అల్యూమినియం కట్టు బిగించి నన్ను తయారు చేశారు. మా రకం మీద మంచుగుండ్లు విసిరి చూశారు. ఆవిరిలో ఉడకబెట్టారు, గడ్డకట్టే చలిలో పెట్టారు. అన్నీ తట్టుకున్నాక ఇరవై అయిదేళ్లు పనిచేస్తామని కాగితం రాసిచ్చారు. నేను సదాశివరావు గారింటికి వెళ్తానని అప్పుడు వాళ్లకు తెలియదు. తెలిసి ఉంటే ఇంకో పరీక్ష పెట్టేవారు.

సదాశివరావు గారు అనంతపురంలో లెక్చరర్‌గా రిటైరయ్యారు. చెప్పింది చరిత్రే అయినా సైన్సు మీద ధారాళంగా మాట్లాడేవారు. ఊరి శివారు కాలనీలో మేడ కట్టుకుని, డాబా మీద నన్నూ నా తోటివాళ్లు అయిదుగురినీ వరుసగా పెట్టించారు. రిబ్బన్ కత్తిరించారు. గేటుకు ‘సూర్యగృహం’ అని బోర్డు తగిలించారు. వారంటీ కాగితాన్ని లామినేషన్ చేయించి హాల్లో తాతగారి ఫొటో పక్కన వేలాడదీశారు. మూడో ఏటికల్లా ఆ కాగితం ఇచ్చిన కంపెనీ మూతపడింది. వాళ్ల షాపున్న చోట బిర్యానీ పాయింట్ వెలిసింది. కాగితం మాత్రం గోడ దిగలేదు. వచ్చినవాళ్లకు చూపించడానికి కంపెనీ ఉండాలని ఏముంది?

ఆ ఇంట్లో నన్ను నిజంగా ఎరిగిన మనిషి కుళ్ళాయమ్మ. అంట్లు తోమి, బట్టలుతికి, ఇల్లు తుడిచేది. వారానికోసారి ఎండ ముదరకముందే డాబా ఎక్కి తడిగుడ్డతో మా మొహాలు తుడిచేది. ఎవరూ చెప్పలేదు. పావురాల రెట్టలు చూసి ఉండబట్టలేక తనే మొదలుపెట్టింది. సదాశివరావు గారు ఊరంతా తిరిగి సౌరశక్తి మీద ఉపన్యాసాలిచ్చారు గానీ, మెట్లెక్కి మా దగ్గరికొచ్చింది నాలుగైదుసార్లు. అదీ ఫొటోలకు.

అయిదో ఏట ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది. వాస్తు సిద్ధాంతి వచ్చి, నైరుతి మూల బరువు చాలలేదన్నాడు. వారం తిరక్కముందే ఆ మూల నిలువెత్తు దిమ్మె కట్టించి, దాని మీద ఏనుగంత నీళ్ల ట్యాంకు ఎక్కించారు. నడుంనొప్పి తగ్గలేదు గానీ, ఒంటిగంట దాటిందంటే ట్యాంకు తన నీడను తెచ్చి నా మీద పరిచేది. మా ఆరుగురినీ ఒకే వరుసలో తీగలతో కలిపారు. ఒకరి మీద నీడ పడితే వరుస మొత్తం నీరసపడుతుంది. మధ్యాహ్నాలు మా పని సాగేది కాదు. సదాశివరావు గారు మమ్మల్ని తిట్టారు, కరెంటాఫీసును తిట్టారు. ఒకరోజు “ఎండల్లో మునుపటి పస లేదు” అని కూడా అన్నారు. అనంతపురంలో. మే నెలలో.

తొమ్మిదో ఏట వేరే కంపెనీ టెక్నీషియన్‌ను పిలిపించారు. అతను మీటరు చూసి, మా మీద వేళ్లతో టకటకా కొట్టి, “వీటి లైఫ్ అయిపోయింది సార్, మార్చేయాల్సిందే” అన్నాడు. కొత్తవి అమ్మడమే అతని ఉద్యోగం.

పక్కనే బట్టలు ఆరేస్తున్న కుళ్ళాయమ్మ ఆగలేకపోయింది. “లైఫ్ కాదు సార్, ట్యాంకు నీడ పడతాంది. పొద్దున చూడండి, మీటరు బాగానే తిరుగుతాది. మద్యాన్నం అయితానే పడిపోతాది.”

టెక్నీషియన్ ట్యాంకు వైపు చూశాడు. నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. ఆ దగ్గే కుళ్ళాయమ్మ కొంప ముంచింది.

“నువ్వు ఎంతవరకు చదివావు?” అని సదాశివరావు గారు శాంతంగా అడిగారు.

“ఐదు సార్.”

“నేను ముప్పై రెండేళ్లు పాఠం చెప్పాను. రేపట్నుంచి పనికి రావద్దులే.”

ఆమె బకెట్‌లో మిగిలిన బట్టలన్నీ ఆరేసి, క్లిప్పులు పెట్టి, బకెట్ బోర్లించి దిగిపోయింది.

నెలలోపే కొత్త ప్యానెళ్లు దిగాయి. సరిగ్గా మేమున్న చోటే. మమ్మల్ని పాతసామాన్ల బడేసాబ్ బండి మీదికి విసిరారు. అతను నా తోటివాళ్లను తలోచోటా అమ్మేశాడు. మూల మీద గీత ఉన్న నన్ను ఎవరూ కొనలేదు. “ఈ అద్దంరేకు మేకలకు పనికొస్తాది” అంటూ దొడ్డికి కప్పుగా వేసుకున్నాడు. మేకలు మర్యాదస్తులు. నా గురించి ఉపన్యాసాలివ్వలేదు.

కుళ్ళాయమ్మ ఇల్లు ఆ పక్క సందులోనే. పని పోయాక ఆమె కుట్టుమిషన్ నమ్ముకుంది. కానీ మోకాళ్లు అరిగిపోయాయి. గంటసేపు తొక్కితే గోడ పట్టుకుని లేవాల్సి వచ్చేది. డాక్టరు మిషన్ తొక్కడం మానేయమన్నాడు. మానేసి ఏం తినాలో చీటీలో రాయలేదు. వచ్చిన గుడ్డల్లో సగం తిప్పి పంపించేస్తున్న రోజుల్లో, ఒకనాడు దొడ్డి ముందు ఆగి, తను వారం వారం తుడిచిన గీత చూసి నన్ను గుర్తుపట్టింది.

“బడేసాబన్నా, ఇది సారోళ్ల ఇంటిది కదా? మేకలకు కరెంటు ఇస్తాండావా?”

“అది చచ్చిపోయిందిలేమ్మా.”

“ఎవరు చెప్పినారు?”

“సారే చెప్పినాడు.”

“అయితే బతికే ఉంటాది” అంది కుళ్ళాయమ్మ.

బడేసాబ్ నవ్వాడు గానీ, కరెంటు షాపు నుంచి మీటరు అడిగి తెచ్చాడు. నన్ను కిందికి దించి, ఆమె కొంగుతో తుడిచి ఎండలో పెట్టింది. తీగలు తగిలించగానే ముల్లు లేచింది. బడేసాబ్ నమ్మక మూడుసార్లు తీసి తగిలించాడు. తొమ్మిదేళ్లలో నాకు తగ్గింది పిసరంత. తన సామాన్లలోంచే ఒక బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్ వెతికి బాగుచేయించాడు. నన్ను కుళ్ళాయమ్మ ఇంటి రేకుల మీద పెట్టి, మిషన్‌కు మోటారు బిగించారు. మొదటిరోజు ఆమె కాళ్లు అలవాటుగా తొక్కబోయాయి. బొటనవేలితో నొక్కితే చాలని తెలిశాక, రెండో కాలు ముందుకు చాపి, మధ్యాహ్నం దాకా లేవకుండా కుట్టింది. తిప్పి పంపిన గుడ్డలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి.

అలా నాలుగేళ్లు గడిచాక సదాశివరావు గారు కుళ్ళాయమ్మ ఇంటికి వచ్చారు. వాళ్ల సంఘం సౌరశక్తి ప్రదర్శన పెడుతోందట. కొత్త ప్యానెల్ పక్కన చూపించడానికి పాతదొకటి కావాలి. నేనిక్కడున్నానని బడేసాబ్ చెప్పాడట. చెమటలు కక్కుతూ వచ్చి ఫ్యాను కింద కూర్చున్నారు.

“మూడు రోజులు చాలు కుళ్ళాయమ్మా. దాని కింద నీ పేరు కూడా రాయిస్తాను.”

“ఏమని రాస్తారు సార్?”

“కాలం చెల్లిన ప్యానెల్ అని. ఇవి ఎంత తొందరగా పాడవుతాయో పిల్లలకు తెలియాలి కదా.”

కుళ్ళాయమ్మ చేతిలో కుట్టు పూర్తి చేసింది. పళ్లతో దారం తెంపి, ఆయన నుదుటి మీద చెమట ఆరిందో లేదో చూసింది.

“మీ మీద తిరిగే ఫ్యాను దాందే సార్. ఈ మిషను దాందే. అది పనిలో ఉండాది, రాదు.”

ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, “మా ఇంట్లో కొత్తవి కూడా మధ్యాహ్నానికే…” అని ఆగిపోయారు.

రేకుల సందులోంచి నేను చూస్తున్నాను. జవాబు ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషికి రెండోసారి చెప్పలేదు.

“మజ్జిగ తాగుతారా సార్?” అని అడిగింది.

ఆయన తాగి, గ్లాసు గడప దగ్గర పెట్టి వెళ్లిపోయారు. కుళ్ళాయమ్మ మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. పెళ్లివాళ్లకు సాయంత్రంలోగా ఆరు జాకెట్లు ఇవ్వాలి. నాలుగే అయ్యాయి. ఎండ ఇంకా బాగానే ఉంది.