బూడిద మీద అక్షరాలు

నా చేతికి తొందరెక్కువ, నోటికి ఇంకా ఎక్కువ. మిర్యాలగూడ నుంచి బస్సులో వెళ్లి మాడుగులపల్లి బడిలో ఇరవై ఏళ్లుగా సైన్స్ చెబుతున్నాను. కాగితం కావలసివస్తే ముందు బెంచీలో ఎవరిదో ఒక నోట్‌బుక్ లాగి చివరి పేజీ చింపడం నా అలవాటు. చివరి పేజీలో పిచ్చిగీతలు తప్ప ఏముంటాయి?

ఆ రోజు ఏడో తరగతికి మార్పుల పాఠం. వందన నోట్‌బుక్ చేతికొచ్చింది. చర్రున పేజీ చింపి, నలిపి ఉండ చేశాను. మళ్లీ చాపి చూపించాను.

"ఏమన్నా మారిందా? నలిగింది గానీ కాగితం కాగితమే. ఇది భౌతిక మార్పు."

వందన లేచింది. "సార్, అది..."

"కూసో! పాఠం మధ్యల లేస్తవేంది?"

కూర్చుంది. నేను కాగితాన్ని పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీశాను. కాలినదాన్ని స్టీలు పళ్లెంలో మెల్లగా పెట్టాను.

"ఇది రసాయనిక మార్పు. కాగితం పోయి బూడిదయింది. ఇగ తలకిందులుగా తపస్సు చేసినా వెనక్కి రాదు."

ఈ మాటకు ఎప్పుడూ నవ్వే పిల్లలు నవ్వలేదు. అందరూ పళ్లెంలోకే చూస్తున్నారు. నేనూ వంగి చూశాను. విరగకుండా పరుచుకున్న ఆ నల్లటి బూడిద మీద బాల్‌పెన్ను రాత తళతళా మెరుస్తోంది. కాగితంగా ఉన్నప్పుడు పట్టించుకోని రాతను, కాలిపోయాక చదివాను.

"బిడ్డా, నాటెయ్య పోతున్న. పొయ్యి మీద గంజుల అన్నమున్నది. తిని పో."

"వాళ్లమ్మ రాత సార్" అంది పక్కనున్న ప్రవళిక.

వందన తల్లి సుగుణ మొన్న వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది. నాకు తెలుసు, మట్టికి శ్మశానం దాకా కూడా వెళ్లాను. ఇప్పుడు ఆమె నా పళ్లెంలోంచి మాట్లాడుతున్నట్టే ఉంది. ఆ పిల్ల లేచినప్పుడు ఒక్క నిమిషం విని ఉంటే ఏం పోయేది? సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఫ్యాన్ ఎవ్వరు వెయ్యకుండ్రి!" అని అరిచి, ఫోటో అయినా తీద్దామని ఫోను కోసం జేబులు తడుముకున్నాను.

అప్పటికే వందన బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. పొరపాటున తగులుతాయేమోనని చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పళ్లెం మీదికి వంగింది.

"తినే వచ్చిన, అమ్మా" అంది.

ఆ మాటల ఊపిరికి బూడిద పొడిపొడిగా రాలిపోయింది.