ముంచే ముందు చెవులు

వానాకాలమంతా పొద్దున్నే రేని పళ్లు తోముకుని, ఆ చేత్తోనే చెవుల్లో పూలు తెంపుకునేది. కేరళలో పంపా ఏటి ఒడ్డున కొందరు ఆడవాళ్లకి అంతే. చెవి కుట్టిన చోట గోరంత ముక్కుట్టి పూలు, పసుపుపచ్చగా పూస్తాయి. తెంపితే సరిగ్గా గంటకి మళ్లీ పూస్తాయి. రేని వాళ్ల అమ్మచ్చి, అంటే అమ్మమ్మ, వాటిని కోళ్లకి వేసేది.

చిక్కల్లా ఉమ్మచ్చన్ పాస్టరుగారితోనే. ఆయన సంఘంలో గొలుసు కూడదు, గాజు కూడదు, పువ్వు కూడదు. ఎవరి చొక్కా గుండీ మెరిసినా ఆయనకి ఆ పూట అన్నం సయించదు. ముంచే ముందు చెవులు చూస్తారు. బోసిగా లేకపోతే బాప్తిస్మం లేదు. బాప్తిస్మం లేకపోతే గురువారం సజితో పెళ్లీ లేదు. సజి తల్లి అసలే వంక కోసం కాచుకుని ఉంది.

ఆదివారం ఏటి ఒడ్డున రేని గుసగుసలాడింది. "ఎనిమిదింటికి తెంపాను అమ్మచ్చీ."

"తొమ్మిదిలోపు మునిగెయ్, మోళే. తర్వాత పూస్తే పూయనీ."

పాస్టరుగారు నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు, ఎదురుగా ముసుగేసుకున్న రేని. పక్కన తువ్వాలుతో ఆయన భార్య లీలమ్మ. వానాకాలం వస్తే ప్రతి వారం ప్రసంగం మధ్యలో లేచి వెళ్లిపోయే మనిషి, ఇవాళ ఎటూ కదల్లేక నీళ్లలో నిలబడింది.

"ఒక్క మాట చెప్పి ముంచుతాను," అన్నారు పాస్టరుగారు.

ఆభరణాల మీద ఆ ఒక్క మాట ఎనిమిదీ నలభైకి మొదలైంది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా ఆయన ఇంకా గాజుల దగ్గరే ఉన్నారు. రేనికి చెవి కొసన దురద మొదలైంది. తొమ్మిదయింది. ఒడ్డున అమ్మచ్చి కళ్లు మూసుకుంది.

"ముసుగు తియ్యి," అన్నారు పాస్టరుగారు, గాజుల దగ్గర ఆగి.

తీసింది. రెండు పూలూ విచ్చుకుని ఉన్నాయి.

"చూశారా!" ఒడ్డు నుంచి సజి తల్లి గొంతు. "నేను ముందే చెప్పలా?"

"బయటికి నడు," అన్నారు పాస్టరుగారు.

"ఆగండి అచ్చాయా." లీలమ్మ తన ముసుగు వెనక్కి తోసింది. ఆమె చెవుల్లోనూ రెండు. "పాతికేళ్లుగా మీ వాక్యం మధ్యలో ఎందుకు లేచి వెళ్తున్నాననుకున్నారు? పొయ్యి మీద పాలు పెట్టొచ్చాననా?"

పాస్టరుగారు భార్య చెవుల వంక చూశారు. పాతికేళ్లు, నెలనెలా, ప్రభు బల్ల దగ్గర తన చేత్తోనే ఆమెకి రొట్టె ఇచ్చారు. గాజుల తర్వాత చెప్పాల్సినవి ఇంకా మూడున్నాయి. అవి చెప్పకుండానే రేని తల మీద చెయ్యి వేసి ముంచారు.

పైకి లేచిన రేని మొహాన్ని లీలమ్మ పూలు నలగకుండా అద్దింది.

ఒడ్డున సజి తల్లి రెండు అరచేతులతోనూ తన ముసుగుని చెవుల మీద గట్టిగా అదిమి పట్టుకుంది.