వదలని ఎరుపు

నా చేతిలో వదలని మరకంటూ లేదని నాకు కాస్త పొగరు. అద్దకం పనిలో తలపండిన వాళ్లు కూడా బట్ట మీద మరక పడితే నా దగ్గరికే వస్తారు. అలాంటిది నా పిక్కల మీదే ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఏమనుకుంటాను? రంగు చిందిందనే అనుకున్నాను.

రంగు పట్టిందో లేదో తేలాలంటే మేం తడిపిన తెల్లగుడ్డతో రుద్దుతాం. గుడ్డకు అంటితే కచ్చా రంగు, అంటకపోతే పక్కా. నా కాళ్లకూ అదే పరీక్ష పెట్టాను. గుడ్డ తెల్లగానే ఉంది. సబ్బుతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను, చివరికి మా ఆయన మీద పడ్డాను.

"ఇంత గట్టి ఎరుపు ఎప్పుడు కలిపారండీ? బట్టకి ఒక్కసారైనా ఇలా పట్టించారా?"

ఆయన మెల్లగా గుమ్మం పక్కనున్న నా రబ్బరు బూట్లు చూపించారు. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు. అవి లేకుండా నేను రంగు తొట్టి దగ్గరికే వెళ్లను.

"చిందితే చిందింది గానీ, బూట్లలోకి ఎలా దూరిందే?"

బూట్లు తిరగేసి దులిపాను, లోపల చుక్క రంగు లేదు. మర్నాడే ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం.

చర్మం డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. చిన్న గాజుపలక తీసి చుక్క మీద నొక్కింది. మామూలు ఎరుపైతే నొక్కగానే రక్తం పక్కకు తప్పుకుని అక్కడ పాలిపోతుందట. నాది చెక్కు చెదరలేదు.

"రక్తం నాళంలోంచి బయటికొచ్చేసిందమ్మా. చర్మంలో ఉండే సన్నని రక్తనాళాలు వాచాయి. ఒంటిని కాపాడాల్సిన కణాలే వాటి గోడల మీద పడుతున్నాయి. చర్మంతో ఆగితే తగ్గించుకోవచ్చు. కిడ్నీల దాకా వెళ్లిందేమో చూడాలి."

నేను బట్టలో నమూనా కత్తిరించినట్టు నా పిక్కలోంచి చిటికెడు ముక్క తీసింది. ఇంటికొచ్చాక మా అత్తగారు గుర్తొచ్చారు. కిడ్నీలు పాడై ఆవిడ మంచాన పడితే సేవ చేసినదాన్ని నేనే. ఆ అవస్థ నాకూ వస్తుందేమోనని భయం పట్టుకుంది.

ముక్క పరీక్ష అయ్యాక డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. "మీది మీరే చూస్తారా?" అంటూ నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

గులాబీ రంగు మీద ఊదా. ఎంత చక్కని జోడింపో!

"రంగు ఎవరు వేశారమ్మా?" అన్నాను. బుద్ధి ఎక్కడికి పోతుంది?

"మా ల్యాబులోనే. రంగు వెయ్యకపోతే కణాలు కనిపించవు."

మధ్యలో ఉంగరంలా ఒక రక్తనాళం. దాని గోడ ఒకచోట చిరిగింది. చుట్టూ ఊదా చుక్కలు ముసురుకున్నాయి, గోడ మీద పడే కణాలు అవేనట. ఆ నాళం వెంట్రుకకన్నా సన్నటిదట. ఇలాంటివి ఒళ్లంతా ఎన్నున్నాయో! నేను తిడుతున్నా, తింటున్నా, గుర్రుపెట్టి నిద్రపోతున్నా నన్ను అడక్కుండా రక్తాన్ని మోసుకుపోతూనే ఉన్నాయి. ఇంత పనితనం నాలోపల పెట్టుకుని నాకు ఆ ఊసే తెలియదు. కాసేపు భయం కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూశాను.

"ఇప్పుడు మీ మూత్రం చూస్తాను. అందులో రక్తకణాలు ఉండకూడదు," అంది డాక్టరమ్మ.

భయం మళ్లీ వచ్చి కూర్చుంది. ఆమె మైక్రోస్కోపు కింద ఇంకో గాజుపలక పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, మళ్లీ మొదటికొచ్చి చూసింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"రండమ్మా, చూడండి. ఈరోజుకి మీ కిడ్నీలు బాగున్నాయి. మందులు మానకూడదు, పిలిచినప్పుడల్లా పరీక్షకి రావాలి."

కన్ను ఆనించాను. ఉత్త వెలుతురు. ఎంత వెతికినా ఎర్రటి చుక్క ఒక్కటీ లేదు. బతుకంతా రంగులు చూసి మురిసిపోయినదాన్ని, ఏ రంగూ లేని ఆ వెలుతురు ముందు నుంచి లేవలేకపోయాను.

"ఏం కనపడుతోందే?" మా ఆయన వెనక నుంచి తొందరపెట్టారు.

"ఏమీ లేదండీ," అన్నాను, అంటూనే ఏడ్చేశాను.