మూడుసార్లు తడితేనే

మా తమ్ముడిని స్నేహితులంతా డబ్బా అని పిలుస్తారు. ఆ పేరు వాడికి ఊరికే రాలేదు. బొమ్మ కొంటాడు, డబ్బా విప్పడు. పుస్తకం కొంటాడు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంచులు అతికించేస్తాడు. చదువుకోవడానికి ఇంకొకటి కొంటాడు. వాడి అలమారా తలుపు తీస్తే చాలు, తేమ పీల్చే చిన్న చిన్న తెల్ల పొట్లాలు జలజలా రాలతాయి. "గాలే శత్రువక్కా! గాలి తగిలిందా, కాగితం పచ్చబడుతుంది, రంగు వెలిసిపోతుంది" అంటాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఊరుకునేదాన్ని. ఆ పిచ్చి మా పిచ్చుక ప్రాణం మీదికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పిచ్చుక వాడి కూతురు. ఒకటో తరగతి. పిడికెడంత మనిషి, ఇల్లంతా ఎగురుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను.

మెరుపుదళం అనే బొమ్మల పుస్తకం నలభై ఏళ్లుగా నెలనెలా వస్తోంది. నేనూ తమ్ముడూ చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద దూరి చదివిన పుస్తకమే. అందులో ఐదుగురు వీరులు. వాళ్ల నాయకుడు ఉక్కుపిడికిలి. అందరికంటే చిన్నది నీడపిల్ల, చీకటి మూలల్లో కలిసిపోయి ఎవరికీ కనబడకుండా ఉండగలదు. ఒక కథలో గొంతుదొంగ అనే దుర్మార్గుడు ఉక్కుపిడికిలి గొంతుతోనే పిలిచి ఆమెను బంధిస్తాడు. అప్పటి నుంచి నీడపిల్ల ఎవరి గొంతునూ నమ్మదు. దళంలో వాళ్లు వచ్చి మూడుసార్లు తడితేనే, తిరిగి ఒకసారి తట్టి బయటికి వస్తుంది. మా పిచ్చుకకు ఆ నీడపిల్ల అంటే ప్రాణం. అన్నానికి పిలిస్తే మంచం కింద నుంచి పలికేది కాదు. వెళ్లి మంచం కోడు మీద తట్టాల్సిందే.

నలభయ్యో ఏటి వేడుకకు అభిమానులంతా ఒక పెద్ద హాలు తీసుకున్నారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు బొజ్జల మీద మెరుపు బొమ్మ చొక్కాలు బిగించుకుని వచ్చారు. బల్లల నిండా రేకు బొమ్మలు, బిళ్లలు, పాత సంచికలు. గాలిగుర్రం టోపీ మొదట నీలమా, ఆకుపచ్చా అని ఇద్దరు తాతలు కొట్టుకునేదాకా వెళ్లారు. ఎవరికి వారు, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నేను బడి వ్యాను నడుపుతాను, పిల్లల తలలు లెక్కపెట్టుకోవడం నా బతుకు. అందుకని తమ్ముడు నన్ను ముందు గుమ్మం దగ్గర నిలబెట్టాడు. వచ్చినవాళ్ల చొక్కాలకు బిళ్లలు పెట్టడం, పిల్లలు ఒంటరిగా బయటికి పోకుండా చూడటం నా పని. మరదలు ఆసుపత్రిలో నర్సు, ఆ రోజు డ్యూటీలో ఉంది. పిచ్చుకను నా చేతిలో పెట్టి మరీ వెళ్లింది.

మధ్యాహ్నం పిల్లలకు దాగుడుమూతలు పెట్టారు. అందరికీ నల్ల ముసుగులు, నల్ల అంగీలు. చివరిదాకా దొరకనివాళ్లకు మొట్టమొదట వచ్చిన రేకు నీడపిల్ల బొమ్మ బహుమతి. షరతు పెట్టింది మా తమ్ముడే. మైకు పట్టుకుని, "ఎవరు పిలిచినా రావద్దు! అమ్మ పిలిచినా, నాన్న పిలిచినా అది గొంతుదొంగ అనుకోండి. మూడుసార్లు తడితేనే నమ్మండి!" అన్నాడు. పెద్దవాళ్లంతా ఈలలు వేశారు. పిచ్చుక ముసుగులోంచి నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టుకుని, గుంపులో కలిసిపోయింది.

ఆట నడుస్తుండగానే తమ్ముడు వేదిక వెనక్కి వెళ్లి ఉక్కుపిడికిలి విగ్రహం సర్దే పనిలో పడ్డాడు. మనిషికి ఒకటిన్నర ఎత్తు, ఫైబర్‌తో చేసింది, లోపలంతా డొల్ల. వీపు మీద చిన్న తలుపు, అందులోంచి దూరి కళ్లలో బల్బులు బిగిస్తారు. నోటి దగ్గర సన్నటి చీలిక. సాయంత్రానికి దాన్ని ఇంకో ఊరి అభిమానులకు పంపాలి. వాడు ఇంకెవరి చేతా ముట్టనివ్వడు కదా. తలుపును మోకాలితో నెట్టి మూసి, చుట్టూ వెడల్పాటి టేపు వేసి, కాళ్ల నుంచి నెత్తిదాకా ప్లాస్టిక్ చుట్టి, సందు సందునా తెల్ల పొట్లాలు కుక్కాడు. పని అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చి, "చీమ కూడా దూరదక్కా, గాలి సంగతి సరేసరి" అని చేతులు దులుపుకున్నాడు.

ఆట అయిపోయిందని గంట కొట్టారు. దొరకని పిల్లల కోసం హాలంతా తిరుగుతూ తట్టారు. బల్లల కింద నుంచీ తెరల వెనక నుంచీ ఒక్కొక్కరే బయటికి వచ్చారు. నేను అలవాటు ప్రకారం ముసుగులు తీయిస్తూ తలలు లెక్కపెట్టుకున్నాను. పిచ్చుక లేదు.

మొదట అందరూ చప్పట్లు కొట్టారు. "నీడపిల్లంటే అదీ!" అన్నారు. తమ్ముడు కూడా ఛాతీ విరుచుకుని నవ్వాడు. మళ్లీ వెతికారు. మళ్లీ లేదు. నవ్వులు తగ్గాయి. తర్వాత ఎవరూ చెప్పకుండానే హాల్లో ఉన్నవాళ్లంతా తట్టడం మొదలుపెట్టారు. గోడల మీద, బల్లల మీద, చెక్క మెట్ల మీద, నీళ్ల డ్రమ్ముల మీద, మూడేసి సార్లు. తట్టి ఆగుతారు, చెవి పెడతారు. అంతమంది ఒకేసారి ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. విగ్రహాన్ని మాత్రం ఎవరూ తట్టలేదు. సీలు వేసిన వస్తువును ఇంకొకరు ముట్టుకోకూడదన్నది వాళ్లలో వాళ్లకు పెద్ద మర్యాద.

ముందు గుమ్మం దాటలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. వెనక తలుపు మాత్రం లారీ కోసం బార్లా తెరిచి ఉంది. అది చూశాక ఒక్క ఉదుటున బయటికి వచ్చాను.

వెనక వాకిలి అవతల బండ్లు నిలిపే చోటు, దాన్ని ఆనుకుని పెద్ద రోడ్డు. ముసుగు వేసుకున్న మనిషి ఒకడు, నల్ల అంగీ వేసుకున్న పిల్లను భుజాన వేసుకుని గబగబా కారు వైపు పోతున్నాడు. పిల్ల చెయ్యి కదలకుండా వేలాడుతోంది. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వెనక నుంచి వాడి జుట్టు పట్టుకుని, ముసుగు లాగి, "పిల్లను దించరా దొంగవెధవా!" అని అరిచాను. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. ఎవరి పిల్లో. ఆ మనిషి దాని తండ్రి.

"నిద్రపోయిందమ్మా, ఇంటికి తీసుకెళ్తున్నా" అన్నాడు బిత్తరపోయి.

క్షమించమని కూడా అడగలేదు. ఆ కాసేపూ కనీసం ఎవరు ఎత్తుకుపోతున్నారో తెలిసిందనుకున్నాను. ఇప్పుడు అదీ లేదు. అప్పుడే ఫోను మోగింది. మరదలు.

"వదినా, పిచ్చుక ఏం చేస్తోంది? అన్నం తిందా?"

"ఆడుకుంటోంది" అన్నాను. నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది.

"ఒక్కసారి ఫోనివ్వవా?"

"దాక్కుంది. పలకదుగా, నీకు తెలుసుగా" అని పెట్టేశాను. చెప్పింది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

లోపల తమ్ముడు మైకు పట్టుకుని ఏడుస్తున్నాడు. "పిచ్చుకా, ఆట అయిపోయిందమ్మా! నేనే, నాన్ననే! వచ్చెయ్యి తల్లీ, నీకు బొమ్మ ఇస్తా, అన్ని బొమ్మలూ ఇస్తా." మైకులో వాడి గొంతు గోడలకు తగిలి మళ్లీ మాకే వస్తోంది. ఎవరో పోలీసులకు ఫోను చేశారు. గాలిగుర్రం టోపీ కోసం కొట్టుకున్న తాతలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

ఇంతలో లారీ హమాలీ వచ్చాడు. మా గొడవ అతనికి తెలియదు పాపం. విగ్రహాన్ని తోపుడుబండి మీద పడుకోబెట్టి లారీలోకి ఎక్కించే పనిలో ఉన్నాడు.

"సార్, ఆ బొమ్మ మీరే కదా చుట్టింది? మూతి దగ్గర ప్లాస్టిక్ లోపల చెమ్మ పట్టింది. తర్వాత మమ్మల్ని అంటారని చెప్తున్నా. విప్పి మళ్లీ చుడతారా, అలాగే ఎక్కించెయ్యమంటారా?"

"నా కూతురు కనబడట్లేదయ్యా! చెమ్మేంటి నీ..." అని కసిరిన తమ్ముడు మధ్యలో ఆగిపోయాడు.

వాడు చుట్టిన దాంట్లోకి చెమ్మ రాదు. పుట్టి బుద్ధెరిగాక వాడు సాధించిన విద్య అదొక్కటే. బయట ఎండ కాస్తోంది. లోపల అన్ని పొట్లాలు కుక్కాడు. ఇక చెమ్మ రావాలంటే లోపలి నుంచే రావాలి. లోపల ఎవరో ఊపిరి తీస్తుండాలి.

ఇద్దరం ఒకేసారి పరిగెత్తాం. లారీ పక్కన తోపుడుబండి మీద ఉక్కుపిడికిలి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోటి దగ్గర ప్లాస్టిక్ కింద అరచేతంత మేర తెల్లటి ఆవిరి, అందులోంచి ఒక నీటిచుక్క మెల్లగా జారుతోంది. మేం చూస్తున్నంతసేపూ ఆ ఆవిరి పెరగలేదు. తమ్ముడు ఒక్క డబ్బా కూడా చింపి ఎరగని మనిషి. గోళ్లతో, పళ్లతో ఆ ప్లాస్టిక్‌ను చీల్చాడు. చుట్టిన కొద్దీ చుట్టాడు మరి, పొర కింద పొర వస్తూనే ఉంది. నేనూ హమాలీ కలిసి విగ్రహాన్ని పక్కకు దొర్లించాం. వీపు తలుపు మీద టేపు, టేపు మీద టేపు. "పిచ్చుకా! పలకమ్మా! పిచ్చుకా!" అని వాడు గుండెలు పగిలేలా అరుస్తున్నాడు. లోపల చడీచప్పుడూ లేదు.

"గొంతుతో కాదురా! తట్టు!" అన్నాను.

వాడు ఫైబర్ మీద మూడుసార్లు తట్టాడు. ఏమీ లేదు. మళ్లీ తట్టాడు. నేను చెవి ఆనించి కళ్లు మూసుకున్నాను. పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

లోపలి నుంచి, గోటితో మీటినంత సన్నగా, ఒకసారి తట్టిన చప్పుడు.

హమాలీ తన కొక్కేన్ని సందులోకి దూర్చి తలుపును ఊడబెరికాడు. వేడి గాలి భగ్గున మొహానికి కొట్టింది. పిచ్చుక మోకాళ్లు ముడుచుకుని ఉంది, నీళ్లలో ముంచి తీసినట్టు తడిసిపోయింది, పెదాలు పాలిపోయాయి. తమ్ముడు బయటికి లాగి గుండెకు హత్తుకోబోతే నేనే చెయ్యి అడ్డం పెట్టాను. "వదులు, ముందు గాలి ఆడనీ." నేను దాని అంగీ విప్పి విసురుతుంటే అది నోరు తెరుచుకుని గాలి తాగింది. హమాలీ నీళ్ల సీసా తెచ్చి మొహం తుడిచాడు. కాసేపటికి దానికి రంగు వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటే బడి పిల్లలతో కలిసి ఎన్నిసార్లు నవ్వానో. ఇక ఆ సామెత నా నోట రాదు.

పిచ్చుక తండ్రి గడ్డం పట్టుకుని పరీక్షగా చూసింది.

"నువ్వేనా నాన్నా?"

"నేనే తల్లీ."

"టేపు చప్పుడు విన్నా. గొంతుదొంగ బంధిస్తున్నాడనుకున్నా. బంధించినా నీడపిల్ల అరవదుగా." ఆయాసంతో ఆగి, మళ్లీ అంది. "తర్వాత నువ్వు ఏడుస్తూ పిలిచావు. గొంతుదొంగకి అంత ఏడుపు రాదు, నాన్నేనేమో అనుకున్నా. కానీ నమ్మొద్దని నువ్వే చెప్పావుగా."

వాడు దాన్ని ఎత్తుకుని నా వ్యాను వైపు నడిచాడు.

మరదలు పనిచేసే ఆసుపత్రికే బయల్దేరాం. నేను నడుపుతున్నాను, వెనక సీట్లో వాడి ఒళ్లో పిచ్చుక. పక్కన సీటు మీద వాడు వేడుకలో చూపించడానికి తెచ్చిన మొదటి సంచిక, కవర్లో భద్రంగా ఉంది. వ్యాన్లో వాడు ఎక్కితే అద్దాలు దించనివ్వడు, పుస్తకాలకు తేమ తగులుతుందని ఎప్పుడూ నాతో పోట్లాటే. దారిలో మబ్బు పట్టి జల్లు మొదలైంది. నేను అలవాటు కొద్దీ అద్దం ఎత్తబోయాను.

"వద్దక్కా. అన్నీ దించెయ్యి" అన్నాడు.

దించాను. వాన లోపలికి కొట్టింది. పాప మొహానికి గాలి తగలడానికి ఇంకేదీ దొరక్క, ఆ సంచికను కవర్లోంచి చింపి తీసి విసరడం మొదలుపెట్టాడు. తడిసిన అట్ట వాడి చేతిలోనే చిరుగుతోంది. వెనక్కి చూసే అద్దంలో చూస్తున్నాను, వాడు దాన్ని చూడటం లేదు. రెండో చెయ్యి పిచ్చుక ముక్కు కింద పెట్టి, ఊపిరి తగులుతోందా లేదా అని ఆసుపత్రి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.