శెట్టిగారి చెంబు పాట

నరసరావుపేటలో అందరూ సీరియల్ కోసం టీవీ పెడతారు. మంగతాయారు మాత్రం ప్రకటనల కోసం పెట్టేది. సీరియల్ నడుస్తున్నంతసేపూ సోఫాలో వెనక్కి వాలి కునికిపాట్లు పడేది. ప్రకటనలు మొదలవగానే ఠక్కున కళ్ళు తెరిచి, కొంగు సర్దుకుని ముందుకు జరిగేది. అవంటే ఇష్టమై కాదు. వాటిని తిట్టకపోతే ఆమెకు ఆ పూట గడిచినట్టుండదు.

"చూడవే, చూడు," అనేది కోడలు పూర్ణిమతో. "ముక్కూ మొగం తెలీనోడు నలుగురిని వెంటేసుకుని ఇంట్లోకొచ్చి మీ బాత్రూం చూపించమంటన్నాడు. ఆ పిల్ల సంబరం చూడు! పెళ్ళిచూపులకి కూతుర్ని చూపించినట్టు చూపిస్తంది."

బంగారం ప్రకటన వస్తే, "కూతురికి గాజులు తొడుగుతా వాళ్ళ నాయన ఏడుస్తన్నాడు. సరే, బిల్లు చూసుంటాడు, ఏడవనియ్యి. వెనకాల ఆ ఫిడేలాయనకి ఏం పోయిందంట?" అనేది.

సంగీతం దగ్గరికొచ్చేసరికి ఆమె నోరు మరీ పదునెక్కేది. "సిమెంటుకి సన్నాయేందే? మాచర్ల దారంటా రోజూ ఎన్ని సిమెంటు లారీలు పోతన్నయ్యి, ఒక్క బస్తా అన్నా పాడిందా? పళ్ళు తోముకోటానికి పదిమంది గంతులెయ్యాల్నా? కోటప్పకొండ తిరణాల్లో ప్రభ ముందర కూడా ఇంత గోలుండదు."

హిందీలో తీసి తెలుగు మాటలు అతికించినవైతే ఇక చెప్పనక్కర్లేదు. "నోరొకటంటంది, మాట ఇంకోటి వినపడతంది. 'మీ కుటుంబానికి ఇవ్వండి తాజాదనం యొక్క భరోసా' అంట. ఏమే పూర్ణిమా, నువ్వు ఈ ఇంటికొచ్చినకాడ్నించి నేనెప్పుడన్నా 'యొక్క' అన్నానా?"

ఈ తిట్లు వినడానికే పక్కింటి తిరుపతమ్మ రోజూ సాయంత్రం చిక్కుడుకాయల చాట పట్టుకుని వచ్చేది. వాళ్ళది రొంపిచెర్లలో వ్యవసాయం. పిల్లల చదువుల కోసం పేటలో ఇల్లు కట్టుకున్నారు. "మా ఇంట్లో ఇంతకంటే పెద్ద టీవీ ఉంది గానీ వదినా, నువ్వు లేకుండా అది చప్పగా ఉంటది," అనేది.

మంగతాయారు భర్త వెంకటకృష్ణయ్యకు బజారులో స్టీలు సామాను కొట్టు ఉంది. ఆయన టీవీ చూసేవాడు కాదు. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, మజ్జిగన్నం తిని, హాల్లో గోలను పట్టించుకోకుండా పడుకునేవాడు. తక్కువ మాటల మనిషి. కొట్లో కూడా బేరం ఆయన నోటితో తక్కువ, చేతితో ఎక్కువ. బిందె అడిగినవాళ్ళకు దాన్ని ఎత్తి, వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. మోత నచ్చితే కొనేవాళ్ళ చేతికిచ్చేవాడు, నచ్చకపోతే పక్కన పెట్టేసేవాడు.

చిలకలూరిపేట రోడ్డులో అద్దాల తలుపుల షోరూం ఒకటి తెరిచాక కొట్లో సందడి తగ్గింది. కొడుకు ఉపేంద్రకు కాలు నిలవలేదు.

"ఇప్పుడు జనం వస్తువుని చూడట్లేదు నాన్నా, యాడ్‌ని చూస్తన్నారు. మనం కూడా ఒకటి తీపిద్దాం. బెంజిమిన్‌తో మాట్లాడాను."

బెంజిమిన్‌ది ఊళ్ళో కేబుల్ ఛానల్. కెమెరా ఆయనదే, కీబోర్డూ ఆయనదే, గొంతు కూడా ఎక్కువసార్లు ఆయనదే. వెంకటకృష్ణయ్య వద్దంటాడని మంగతాయారు అనుకుంది. ఆయన వద్దనలేదు. పైగా జుట్టుకు రంగు వేయించుకొచ్చాడు. ఉపేంద్ర కొన్న మెరుపుల చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, భార్య చూస్తోందని తెలిసి గబుక్కున దువ్వెన వెతుక్కున్నట్టు నటించాడు.

కొట్లో కెమెరా పెట్టాక మాత్రం ఆయనకు మాట పెగల్లేదు. రాసిచ్చిన రెండు ముక్కలూ ప్రతిసారీ గొంతులోనే ఆగిపోయాయి. చివరికి బెంజిమిన్ చెమట తుడుచుకుని, "శెట్టిగారూ, మీరేం మాట్లాడబాకండి. రోజూ ఏం చేస్తారో అది చెయ్యండి చాలు. మాటలన్నీ నేను పాటలో పెట్టుకుంటా," అన్నాడు.

ప్రకటన మొదటిసారి వేసే రోజున వెంకటకృష్ణయ్య కొట్టు పెందరాళే కట్టేసి వచ్చాడు. స్నానం చేసి, ఎప్పుడూ కూర్చోని సోఫాలో భార్య పక్కన కూర్చున్నాడు. తిరుపతమ్మ చాటతో సహా హాజరైంది. సీరియల్లో ఎవరో ఎవరి చెంపో పగలగొట్టబోతుండగా విరామం వచ్చింది. డప్పులు మోగాయి. తెర మీద మెరుపుల చొక్కాలో వెంకటకృష్ణయ్య కనిపించాడు. వెనక నుంచి బెంజిమిన్ గొంతు, దానికి తోడు చిన్నపిల్లల కోరస్:

"చెంబంటే చెంబు, చమక్ చమక్ చెంబు!
శెట్టిగారి కొట్లోన జిగేలుమనే చెంబు!
చెంబు... చెంబు... చెంబు..."

చివరి చెంబులు లోయలో అరిచినట్టు దూరందాకా మారుమోగి ఆగాయి. హాల్లో అందరూ మంగతాయారు వైపు తిరిగారు. ఆమె ఏమంటుందో వినాలని.

"ఎట్టా ఉంది?" అని వెంకటకృష్ణయ్య కూడా అడిగాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురంలో ఆయన భార్యను ఒక అభిప్రాయం అడగడం అరుదు.

అలవాటైన నోరు ఆగలేదు. "ఎట్టా ఉందేందండీ! ఊళ్ళో దరిద్రపు ప్రకటనలన్నీ ఒకెత్తు, ఇదొకెత్తు. తెల్లారుజామున ఊరంతా చెంబులు పట్టుకుని కాలవగట్టుకి పోతన్నట్టుంది."

తిరుపతమ్మ చాటలో మొహం దాచుకుని నవ్వింది. పూర్ణిమ పైట అడ్డం పెట్టుకుంది. ఉపేంద్రకు కూడా నవ్వు ఆగలేదు. వెంకటకృష్ణయ్య సోఫాలోంచి లేచి, అన్నం వద్దని చెప్పి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

"ఉన్నమాటేగా అన్నాను," అంది మంగతాయారు కోడలితో. ఆ రోజు మిగతా ప్రకటనలను ఆమె తిట్టలేదు.

పాట ఊరికి పట్టుకుంది. బడిపిల్లలు పాడారు, ఆటోవాళ్ళు పాడారు. కాలేజీ కుర్రాళ్ళు బండ్ల మీద కొట్టు ముందుగా పోతూ "చెంబూ..." అని ఒకడు అరిస్తే వెనకవాడు "చెంబూ..." అని మారుమోగించేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు సైతం వెంకటకృష్ణయ్య మొహం చూడగానే పెదాలు బిగబట్టుకునేవాళ్ళు. ఉపేంద్రకు ఇదంతా సంతోషంగానే ఉంది. "జనం నోళ్ళలో నానుతున్నాం నాన్నా," అనేవాడు. వెంకటకృష్ణయ్య గల్లా పెట్టె దగ్గర కూర్చోవడం మానేశాడు.

ఆ సంగతి మంగతాయారుకు తిరుపతమ్మ చెప్పింది.

"మా మరిది నిన్న మీ కొట్టుకాడికి పోయాడంట వదినా. అన్నయ్యగారు లోపల అట్టపెట్టెల చాటున ముక్కాలిపీట ఏసుకుని కూర్చున్నారంట. బిందె కావాలంటే బయటికి రాకుండా పనోళ్ళతో పంపించారంట. మోగించి కూడా చూడలేదంట."

"ఎందుకంట?"

"నవ్వుతన్నారుగా అందరూ."

"వాళ్ళెవరే నవ్వటానికి?" మంగతాయారు గొంతు లేచింది. "వాళ్ళ మొగాలకి బిందెకీ గంగాళానికీ తేడా తెలుసా?"

తిరుపతమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూనే, తల ఎత్తకుండా అంది: "ముందు నవ్వించింది నువ్వేగా వదినా."

మంగతాయారు రిమోట్ తీసుకుని టీవీ కట్టేసింది. తిరుపతమ్మ ఇంకాసేపు కూర్చుని, చాట తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వంట కోడలికి అప్పగించి ఆమె ఆటో ఎక్కి బెంజిమిన్ ఆఫీసుకు వెళ్ళింది. మేడ మీద ఇరుకు గది, గది నిండా వైర్లు. బెంజిమిన్ కుర్చీ తుడిచి వేశాడు.

"ఆ దిక్కుమాలిన పాట తీసెయ్యి నాయనా," అంది కూర్చోకుండానే.

"తీసెయ్యటమేంది పిన్నిగారూ! ఉపేంద్ర నెలరోజులకి మాట్లాడుకున్నాడు. అయినా మన ఛానల్లో ఇంత హిట్టయిన పాట లేదు."

"హిట్టా? ఆయన కొట్లో అట్టపెట్టెల ఎనకాల దాక్కుంటన్నాడు. అదీ నీ హిట్టు."

బెంజిమిన్ నొచ్చుకున్నాడు. పాట కోసం ఎంత కష్టపడిందీ చెప్పాడు, కోరస్‌కి చర్చి పిల్లల్ని ఎలా పోగేసిందీ చెప్పాడు. చివరికి, "ఒక్కసారి నిదానంగా చూడండి పిన్నిగారూ, అప్పుడు చెప్పండి," అంటూ కంప్యూటర్‌లో పెట్టాడు.

"చూస్తా గానీ, ముందు ఆ నోరు ముయ్యి."

ఎవరి నోరో అర్థంకాక బెంజిమిన్ ఒక క్షణం ఆగి, పాట శబ్దం తీసేశాడు. తెర మీద బొమ్మ ఒక్కటే నడిచింది. వెంకటకృష్ణయ్య వరసలోంచి ఒక బిందెను ఎత్తాడు. దాని అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. కణుపుతో కొట్టి చెవికి ఆనించుకున్నాడు. తల కొంచెం వంచి, కళ్ళు సగం మూసి, విన్నాడు. పసిపిల్ల ఊపిరి వింటున్నట్టు విన్నాడు. తర్వాత తనలో తాను తల ఊపి బిందెను ముందుకు చాపాడు. కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయాడు.

మంగతాయారు కుర్చీలో కూర్చుంది. పెళ్ళైన కొత్తలో మధ్యాహ్నాలు క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్ళినప్పుడు ఆయన ఇలా వినడం చూసేది. తర్వాత పిల్లలు, ఇల్లు. చూసి చాలా కాలమైంది.

"మళ్ళీ ఎయ్యి," అంది. బెంజిమిన్ మళ్ళీ వేశాడు. "ఇట్టాగే ఎయ్యి, టీవీలో కూడా."

"పాట లేకుండానా? సౌండు పోయిందనుకుంటారు పిన్నిగారూ!"

"అనుకోనీ."

"పోనీ వీణ లాంటిది సన్నగా..."

"వీణా లేదు, పాడూ లేదు. ఆ బిందె మోత ఉందా నీకాడ? అదొక్కటి ఉంచు."

ఉపేంద్రకు తెలిసి ఫోన్‌లోనే తగువు పడ్డాడు. "మ్యూజిక్ లేని యాడ్ ఎవరు చూస్తారమ్మా! చావుక్కూడా డప్పుంటది."

"నేను పోయినప్పుడు నీ చెంబు పాట పెట్టుకో. ఆయన బతికుండగా వద్దు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ రాత్రి వెంకటకృష్ణయ్యకు ఏమీ చెప్పలేదు. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటుండగా విరామం వచ్చింది. సబ్బు పాడింది, టీపొడి గంతులేసింది, మేనికి రాసుకునేది ఏదో ఇంగ్లీషులో మూలిగింది. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది.

వీధిలో ఆ నిశ్శబ్దం కరెంటు పోయినట్టు పడింది. ఎదురింట్లో వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. "ఏమైందే టీవీకి?" అని ఎవరో అరిచారు. పూర్ణిమ చేయి తుడుచుకుంటూ హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. తిరుపతమ్మ గోడ మీదుగా, "వదినా, మీకు సౌండొస్తందా?" అని కేకేసింది. అందరూ తమ తమ టీవీల ముందుకు వచ్చి నిలబడ్డారు. అక్కడ వెంకటకృష్ణయ్య బిందె అంచు చుట్టూ వేలు తిప్పుతున్నాడు.

ఖణ్.

ఆ మోత ఇంటింటా వినపడింది. వెంకటకృష్ణయ్య కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. తెర మీద ఆయన విన్నాడు, తల ఊపాడు. కొట్టు పేరు వచ్చింది. తర్వాత నూనె ప్రకటన డప్పులతో మొదలైంది.

బెంజిమిన్ ఫోన్ ఆ పూటంతా మోగుతూనే ఉంది. సౌండు బాగుచెయ్యమని తిట్టినవాళ్ళే ఎక్కువ. నాలుగు రోజులు తిరిగేసరికి వీధి వీధంతా ఆ నిశ్శబ్దానికి అలవాటుగా తల తిప్పి చూసింది. చూసి చూసి కొందరు కొట్టుకు కూడా వచ్చారు. పనివాళ్ళు బిందె తెచ్చి ఇస్తే ఆడవాళ్ళు తీసుకోలేదు. "ఆయన్ని పిలవండి, మోగించి ఇవ్వాల," అన్నారు. వాళ్ళు లోపలికి వెళ్ళి చెప్పాల్సి వచ్చింది. వెంకటకృష్ణయ్య అట్టపెట్టెల చాటు నుంచి లేచి, పంచె సర్దుకుని వచ్చి, ఒక్కొక్కటీ మోగించి ఇచ్చాడు. అద్దాల షోరూంకు పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. కానీ ఆయన మళ్ళీ గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు.

ఇది చూసి పప్పుల కొట్టాయన, చెప్పుల కొట్టాయన కూడా తమకూ సౌండులేనిదే కావాలని బెంజిమిన్ వెంటపడ్డారు. కొన్నాళ్ళకు కేబుల్ ఛానల్లో విరామం వస్తే మనుషులు వరసగా వచ్చి కందిపప్పు పోస్తూ, చెప్పు వంచుతూ, మూగగా చూసిపోయేవాళ్ళు.

"వీళ్ళ మొగాలు తగలెయ్య! అందరూ కలిసి మౌనవ్రతం పట్టారేందే?" అంది మంగతాయారు. "చెప్పుని చెవికాడ పెట్టుకుని వింటన్నాడు చూడు, అదేమన్నా ఫోనా!"

వెంకటకృష్ణయ్య పాట ఎవరు తీయించారని అడగలేదు, ఆమె చెప్పలేదు. నెల అయిపోయి ప్రకటన ఆగాక ఇంకో నెల వేయిద్దామని ఉపేంద్ర అంటే, "చాల్లే," అన్నాడు. అయితే అన్నం తిన్నాక పడుకోవడం మాత్రం మానేసి హాల్లో సోఫా చివర కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు టీపొడి ప్రకటనలో తెల్లచీర అత్తగారు గిన్నెలోంచి టీ వడపోసి, ఒక గుక్క తాగి, తన్మయంగా కళ్ళు మూసుకుంది. వెనక వేణువు.

"టీ తాగటానికి పిల్లనగ్రోవేందే..." అని మంగతాయారు ఎత్తుకోబోతుండగా, పక్క నుంచి వెంకటకృష్ణయ్య గొంతు వచ్చింది.

"ఆ గిన్నె సొట్ట."

ఆమె తిరిగి చూసింది. ఆయన ముందుకు వంగి తెర వైపే చూస్తున్నాడు, మహా అసహ్యంగా.

"అడుగు చూడు, ఒక పక్కకి ఒరిగింది. అట్టాంటిది మన కొట్లో పాత సామాను తూకానికి కూడా తీసుకోను. దాంట్లో కాచిన టీ తాగి కళ్ళు మూసుకుంటదంట!"

"ఏదండీ, నాకు కనపళ్ళా," అంది మంగతాయారు, కళ్ళజోడు కోసం చెయ్యి చాపుతూ.

"మళ్ళీ వస్తదిలే. సీరియల్ అయ్యేలోపల ఎన్నిసార్లు ఎయ్యరూ," అన్నాడు వెంకటకృష్ణయ్య, సోఫాలో ఇంకొంచెం ఆమె వైపుకు జరుగుతూ.